గుంపు వంతు

నాలుగున్నరకు విజిల్.
చీకట్ల బూట్లు దొరుకుతయి గానీ లేసులు దొరకవు.
కేతావత్ చాందీ ఒక కాలుకు నా సాక్సు,
ఇంకో కాలుకు తనది ఏసుకొని ఉరికింది.
మూడో నెల ఇది. నేనిప్పుడు అలివేలును కాను,
రెండు వందల పదిహేడు.
పిలిస్తే నాకంటె ముందు నా మడిమెలు పలుకుతున్నయి.

సావధాన్ అంటే
పెండ్లిల అయ్యగారు అనే మాట అనుకుంటి ఇన్నొద్దులు.
ఇక్కడ లగ్గం లేదు, అక్షింతలు లేవు,
పాలమూరు ఎండ ఒక్కటే నెత్తిన పడతది.
తొమ్మిది కాకముందే బెల్టు బిళ్ల కాలుతది.

మధ్యాన్నం క్లాసు.
పాత నంబర్లు పోయి కొత్త నంబర్లు వచ్చినయి,
నూట నలభై ఒకటి ఇప్పుడు నూట ఎనభై తొమ్మిది.
"ఐదుగురు, లేదా అంతకన్న ఎక్కువ.
అందరిది ఒకటే ఉద్దేశం."
రాసుకున్న.
ఐదుగురంటె మా ఇంట్ల మేమే.
మా ఉద్దేశం గూడ ఒకటే ఉండె, చానా ఏండ్లు.
చాందీ కునుకుతుంటే మోచెయ్యితో పొడిచిన.

మోచెయ్యి అని ఊరికె రాయలే.

శుక్రారం లాఠీ.
పట్టు, అడుగు, ఊపు, దెబ్బ.
గౌసుద్దీన్ సార్ తన నడుం కాడ గాలిల గీత గీసి చూపిండు:
"ఇక్కడికెల్లి కిందికే. పైన తాకిందో,
మీ తోలు నేను తీస్త."
అందరం నవ్వినం. నేను గూడ.
నెత్తిన బిందె పెట్టుకొని ఒక చేత్తో పట్టుకున్న మనిషికి
మోచెయ్యి నడుం పైననే ఉంటది గద సార్,
అని అడుగుదామనుకున్న.
లైన్ల నిలబడ్డోళ్లు అడగరు.
కోస్గి రోడ్డు మీద వంగిన మా అమ్మ మోచెయ్యి
ఇప్పటికీ తిన్నగ సాగదు.
జొన్నరొట్టె కొట్టాలంటె భుజమంత ఎత్తి కొడతది.
కండ్లు మూసుకున్నా ఆ సప్పుడు నాకు ఎరుకే,
ఒక దెబ్బ గట్టిగ, ఒక దెబ్బ కుంటిగ.

శనారం సగం మంది పోలీసులు, సగం మంది గుంపు.
మాకు గుంపు వంతు పడ్డది.
రాళ్లకు బదులు కాయితం ఉండలు,
జెండాకు బదులు ఎవరిదో తడి తువ్వాల.
"నినాదాలియ్యున్రి! శవాల లెక్క నిలబడ్డరేంది?"
ఒకామె జిందాబాద్ అన్నది, ఎవరికో చెప్పలే.
ఇంకొకామె "మెస్సుల పప్పు, నీళ్ల పప్పు" అన్నది.
పకపక నవ్వులు.
ఆ నవ్వుల నడుమ నా గొంతు లేచింది.
"నీళ్లియ్యున్రి! లేకుంటె బస్సు పోనియ్యం!"
ఎనిమిదేండ్ల పిల్ల గొంతు. నాదే.
ఎక్కడ దాసిపెట్టిన్నో ఇన్నేండ్లు.
చాందీ అందుకున్నది. వాళ్ల తండాల బోరు యాదికొచ్చినట్టుంది.
గుంపు నిజంగనే గుంపయింది.
అటు షీల్డుల ఎనుక గూడ
కొన్ని పెదవులు కదిలినయి.
వాళ్లకు గూడ నోటికొచ్చు మరి.

విజిల్ పడలే కాసేపు.
సార్ దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు.
"ఏ ఊరు బిడ్డా?"
"మద్దూరు దిక్కు సార్."
"వచ్చినయా?"
"నల్లా వచ్చింది సార్. నీళ్లు దినం తప్పిచ్చి దినం."
తల ఊపిండు.
ముప్పై ఏండ్ల సర్వీసు ఆయనది.
ఏ ఎండాకాలం ఏ రోడ్డు మీద ఉన్నడో నేను అడగలే.
"గొంతు మంచిగుంది," అన్నడు,
"కమాండ్ ఇయ్యటానికి పనికొస్తది."

పొద్దూకినంక షీల్డు ఎత్తి చూసిన.
నిండు బిందెకన్న తేలికనే.

లైట్లార్పినంక పక్క మంచంల కెల్లి చాందీ:
"సోమారం వంతు మారుతది. నువ్వు ముందు లైనట.
ఎవర్ని కొడ్తవే?"
"నడుం కింద," అన్న.
అడిగినదానికి జవాబు గాదది. ఇద్దరికీ తెలుసు.
బాత్రూంల ఎవరో నల్లా విప్పి మరిచిపోయిన్రు.
ఒక్కసారే లేసినం.
చీకట్ల, తలుపు కాడ, తలలు తాకినయి.